పైవాటాలో అయినవాళ్లు, రాని అద్దె

కింద వాటాలో తల్లిదండ్రులు, పైవాటాలో పెద్దకొడుకు సంసారం. పెళ్లయిన కొత్తలో, "ఎక్కడో అద్దెలు కట్టుకోవడం ఎందుకు, పైన ఖాళీగానే ఉంది కదా" అని తండ్రే తాళం చేతిలో పెట్టాడు. తరువాత ఉద్యోగ విరమణ వచ్చింది, మందుల ఖర్చు పెరిగింది. "నెలకు ఎంతో కొంత ఇవ్వరా" అని అడిగితే రెండు మూడు నెలలు వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు మాటలు లేవు, మెట్ల మీద చెప్పుల చప్పుడు తప్ప. విజయవాడైనా వరంగల్ అయినా కర్నూలైనా, వకీలు దగ్గరకు వచ్చే ఇంటి తగాదాల్లో ఇది పాత కథ. కొడుకు బదులు తమ్ముడు ఉండవచ్చు, మేనల్లుడు ఉండవచ్చు, ఇల్లరికపు అల్లుడు ఉండవచ్చు. పాత్రలు మారతాయి కానీ ప్రశ్న మారదు: అద్దె కట్టడం లేదు, ఖాళీ చేయించవచ్చా?

ఈ ప్రశ్నకు నేరుగా జవాబు దొరకదు. చట్టం మొదట చూసేది అద్దె బకాయిని కాదు, ఆ మనిషి ఆ ఇంట్లో ఏ హోదాలో ఉన్నాడన్నదాన్ని. అతను అద్దెదారు కావచ్చు, అనుమతి మీద ఉంటున్న బంధువు కావచ్చు, వాటాదారు, అంటే ఆస్తిలో భాగమున్న సహయజమాని, కావచ్చు. ఒక్కో హోదాకు ఒక్కో దారి, ఒక్కో కార్యాలయం, ఒక్కో గడువు. వాటాదారు మీద ఖాళీ చేయమని దావా వేసి, పదేళ్ల తరువాత "ఇది భాగపంపిణీ దావాగా వేయవలసింది" అనిపించుకున్న కుటుంబాలు లేకపోలేదు.

ఎక్కువ ఇళ్లలో నిజానికి అద్దె ఒప్పందమే ఉండదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం, ప్రతిఫలం ఇస్తానని ఒప్పుకొని ఆస్తిని అనుభవించడమే లీజు. నెలకు ఇంత అని ఎన్నడూ అనుకోనప్పుడు కొడుకు అద్దె ఎగ్గొట్టాడని అనడానికి కూడా లేదు, కట్టవలసిన అద్దె అంటూ లేదు కాబట్టి. అతను ఉన్నది యజమాని అనుమతితో. అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టం దీన్ని లైసెన్స్ అంటుంది. లైసెన్స్ ఇచ్చిన చేత్తోనే వెనక్కు తీసుకోవచ్చు. తీసుకున్నాక సామాను సర్దుకోవడానికి తగినంత సమయం ఇవ్వాలి, అంతే. మరోలా చెప్పాలంటే, పైసా అద్దె ఇవ్వని బంధువుకు చట్టంలో ఉన్న పట్టు అద్దె ఇచ్చే పరాయివాడి పట్టుకన్నా బలహీనం. ఇది చాలామందికి తలకిందులుగా తోస్తుంది.

దీని మీద అందరూ ఉదహరించే తీర్పు 2012 మార్చిలో సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. గోవాలో తోబుట్టువుల మధ్య ఇంటి తగాదా అది. సోదరి ఇంటిని చూసుకుంటూ ఉన్న సోదరుడు, ఇన్నేళ్లుగా స్వాధీనం నాదే కాబట్టి నన్ను కదిలించరాదన్నాడు. ఊరికే ఉండనిచ్చిన ఇంట్లో ఏళ్లు కాదు, దశాబ్దాలు గడిపినా ఆ ఆస్తి మీద ఏ హక్కూ పుట్టదని కోర్టు తేల్చింది. కాపలాదారుగానో నౌకరుగానో ఇంట్లో ఉన్న మనిషి స్వాధీనం యజమాని తరఫున ఉన్నట్టే తప్ప సొంతానికి కాదన్నది. ఢిల్లీ హైకోర్టు 2016లో ఇంకో మెట్టు దిగి, కొడుకు గురించే సూటిగా చెప్పింది: తల్లిదండ్రుల స్వార్జితమైన, అంటే వారు సొంతంగా సంపాదించుకున్న, ఇంట్లో కొడుకు, పెళ్లయినా కాకపోయినా, వారి దయ ఉన్నంతకాలమే ఉండగలడు తప్ప హక్కుగా కాదు.

"పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుంది" అన్న మాట పల్లె నుంచి పట్నం దాకా వినిపిస్తుంది. ఆ పన్నెండేళ్ల లెక్క అనుమతితో ఉన్నవాడికి వర్తించదు. ఈ ఇల్లు నీది కాదు, నాది అని యజమాని ముఖాన బహిరంగంగా చెప్పి, ఆ తరువాత పన్నెండేళ్లు అలాగే అనుభవించినవాడికే ఆ వాదన పనికివస్తుంది. ఇంటి పన్ను రసీదు తన పేరు మీదకు మార్పించుకున్నంత మాత్రానో, ఆధార్‌లో ఆ చిరునామా ఉన్నంత మాత్రానో యాజమాన్యం రాదు. అయితే అలాంటి కాగితాలు పోగుపడుతుంటే చూస్తూ ఊరుకోవడం తెలివైన పని కాదు. రేపు కోర్టులో వాటినే ఒక్కొక్కటిగా పరుస్తారు.

కాగితం ఎలా ఎదురు తిరుగుతుందో చూడాలంటే హెచ్‌ఆర్‌ఏ రసీదులను చూడాలి. జీతంలో ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం ఉద్యోగం చేసే కొడుకులు తల్లిదండ్రులకు అద్దె కడుతున్నట్టు రసీదులు పెట్టడం మామూలే. ఏడాదికి లక్ష రూపాయలు దాటితే తండ్రి పాన్ నంబరు కూడా ఇవ్వాలి. నిజంగా డబ్బు చేతులు మారినంతవరకూ అందులో తప్పు లేదు. కానీ నాలుగేళ్ల తరువాత తగాదా వస్తే ఆ రసీదులే కొడుకును అద్దెదారుగా నిలబెడతాయి. "దయతో ఉండనిచ్చాను" అన్న తండ్రి సంతకమే "నెలకు ఇంత అద్దె ముట్టింది" అని చెబుతుంది. డబ్బు నిజంగా ముట్టకుండా సంతకం ఒక్కటే ముట్టిన ఇళ్లలో పరిస్థితి మరీ ఇబ్బంది. అప్పుడు ఆదాయపు పన్ను శాఖకు ఒక కథ, కోర్టుకు ఇంకో కథ చెప్పవలసివస్తుంది.

అద్దెదారు అని తేలితే దారి స్పష్టంగానే ఉంటుంది, కాస్త పొడవు. నెలవారీ అద్దెకు ఇచ్చిన ఇంటికి పదిహేను రోజుల నోటీసు ఇచ్చి అద్దె ఒప్పందాన్ని ముగించి, సివిల్ కోర్టులో స్వాధీనం కోసం దావా వేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం కింద ఉద్దేశపూర్వకంగా అద్దె ఎగవేయడం ఖాళీ చేయించడానికి ఒక కారణం. కానీ 2005లో చేసిన సవరణతో, కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 దాటితే ఆ చట్టం వర్తించదు. ఈ రోజుల్లో హైదరాబాద్‌లో 3,500కు ఒక గది దొరికినా గొప్పే కాబట్టి, మామూలు కుటుంబాల ఇళ్లు దాదాపు అన్నీ దాని బయటే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ 2017లో దాని స్థానంలో అద్దెల కోసం కొత్త చట్టం చేసుకుంది.

అసలు చిక్కు వాటాదారు దగ్గర వస్తుంది. ఇల్లు ఎవరి డబ్బుతో, ఏ దారిలో వచ్చిందన్నది తేలకుండా ఒక్క అడుగూ పడదు. తండ్రి తన జీతంతో కొన్నది స్వార్జితం, కొడుకుకు అందులో తండ్రి బతికుండగా వాటా లేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే కొడుక్కి పుట్టుకతోనే హక్కు, అతన్ని అద్దె అడగడానికే వీలుండదు. ఇక్కడొక పెద్ద అపోహ ఉంది. తాత నుంచి వచ్చిందంటే చాలు, అది పిత్రార్జితమని, మనవలకూ పుట్టుకతో వాటా ఉందని చాలామంది అనుకుంటారు. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక తాత స్వార్జితం వీలునామా లేకుండా తండ్రికి సంక్రమిస్తే, అది తండ్రి చేతిలో అతని సొంత ఆస్తే అవుతుందని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. "తాతగారి ఇల్లు కదా, నన్నెవరు పొమ్మంటారు" అనే మనవడు తాత ఎప్పుడు పోయాడో, ఆ ఇల్లు తాతకు ఎలా వచ్చిందో ముందు చూసుకోవాలి.

ఆడపిల్లల వాటా సంగతి తెలుగు నేల మీద మిగతా దేశంకన్నా ముందే మొదలైంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం దేశమంతటా, పెళ్లితో నిమిత్తం లేకుండా ఇచ్చింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు దాన్ని మరింత గట్టిపరిచింది. కాబట్టి తల్లిదండ్రులు పోయాక అన్నదమ్ములు ఇద్దరూ కలిసి, పుట్టింట్లో ఉంటున్న అక్కను "అద్దె కట్టు, లేదా ఖాళీ చెయ్యి" అనడం చాలాసార్లు చెల్లదు. ఆమె కూడా యజమానే. సహయజమానిని ఇంకో సహయజమాని ఖాళీ చేయించలేడు. పంపకం అడగాలి, తన వాటా మేరకు ఇల్లు అనుభవిస్తున్నవారి నుంచి లెక్క అడగాలి. పంచడానికి వీల్లేని ఇల్లయితే కోర్టు అమ్మించి డబ్బు పంచవచ్చు. పంపకం దావాలో ముందు ఎవరి వాటా ఎంతో చెప్పే ప్రాథమిక డిక్రీ, తరువాత ఇల్లు కొలిచి విడగొట్టే తుది డిక్రీ వస్తాయి. ఈ రెండింటి మధ్య పిల్లలు పెద్దవాళ్లయిపోతారు.

తండ్రి గుర్తుపెట్టుకోవలసిన మరో మెలిక పైఅంతస్తు. కింద ఇల్లు తండ్రిది, స్లాబు మీద కొడుకు తన బ్యాంకు అప్పుతో ఇంకో అంతస్తు వేసుకున్నాడు, తండ్రి దగ్గరుండి ఇటుకలు లెక్కపెట్టాడు. అనుమతి పొందినవాడు ఆ అనుమతి మీదనే శాశ్వత నిర్మాణం చేసి ఖర్చు పెట్టుకుంటే దాన్ని వెనక్కు తీసుకోలేరని ఈజ్‌మెంట్స్ చట్టంలోనే ఉంది. రంగులు వేయించడం, మార్బుల్ పరిపించడం లాంటివి వేరు. ఉండడానికి ఇచ్చిన అనుమతికీ కట్టుకోవడానికి ఇచ్చిన అనుమతికీ తేడా ఉంది, రెండోది ఉందని రుజువు చేయవలసింది కొడుకే. అయినా ఇలాంటి ఇంట్లో తండ్రి దావా అంత తేలికగా నెగ్గదు. న్యాయంగా చూసినా నెగ్గకూడదేమో. కట్టేనాడే ఆ ఖర్చు అప్పుగా లెక్కో, వాటాగా లెక్కో ఒక కాగితం మీద రాసుకుని ఉంటే సరిపోయేది.

కోడలి విషయం పూర్తిగా వేరే చట్టం కిందకు వస్తుంది. 2005 గృహహింస చట్టం ప్రకారం కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది, ఆ ఇంటి మీద ఆమెకు ఏ యాజమాన్యమూ లేకపోయినా సరే. ఇల్లు అత్తదో మామదో అయితే ఆ హక్కు రాదని 2006లో సుప్రీంకోర్టు అన్నది. 2020 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటను పక్కన పెట్టింది. ఆ తరువాత రెండు నెలలకే బెంగళూరు కేసు వచ్చింది. కొడుకు కొన్న ఇల్లు తండ్రి పేరుకు, అక్కడి నుంచి తల్లి పేరుకు మారింది. ఆపై, కింద చెప్పబోయే 2007 వృద్ధుల చట్టం ప్రకారం కోడలిని పంపించేయమని దరఖాస్తు పడింది. వృద్ధులను కాపాడే చట్టాన్ని కోడలి నివాస హక్కును తుడిచిపెట్టే సాధనంగా వాడుకోనివ్వలేమని కోర్టు చెప్పింది. కొడుకు మీద కోపంతో మొదలైన వ్యవహారం చాలా ఇళ్లలో కోడలి దగ్గర ఆగిపోయేది ఇందుకే. ఆమెను ఎప్పటికీ కదపలేరని కాదు, చట్ట ప్రకారమే కదపాలి. చాలాసార్లు వేరే ఇల్లో, దాని అద్దె డబ్బో చూపించవలసివస్తుంది.

అరవై దాటినవారికి అన్నింటికన్నా దగ్గరి దారి 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం. కోర్టు మెట్లు ఎక్కనక్కరలేదు, ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. నోటీసు అందిన తొంభై రోజుల్లో తేల్చాలని చట్టం. పిల్లలు లేని పెద్దవారు తమ ఆస్తిని అనుభవిస్తున్న, లేదా వారసుడిగా పొందబోయే బంధువు మీద కూడా వెళ్లవచ్చు. మేనత్త ఇంట్లో ఉంటూ మేనత్తను పట్టించుకోని మేనల్లుడికి ఇది తెలియకపోవడమే ఎక్కువ.

కానీ ఈ చట్టంలో ఖాళీ చేయించడం అన్న మాట ఎక్కడా లేదు. కోర్టులు దాన్ని చట్టం ఉద్దేశం నుంచి తీశాయి, అందువల్ల తీర్పులు అటూ ఇటూ ఊగుతాయి. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు, ప్రతి సందర్భంలోనూ కొడుకును ఇంటి నుంచి పంపించేయాలని లేదంటూ తల్లి కోరికను ఒప్పుకోలేదు. ఆరు నెలలు తిరగకుండానే, సెప్టెంబరులో ముంబయి కేసులో కొడుకును ఖాళీ చేయమన్న ట్రిబ్యునల్ ఉత్తర్వును నిలబెట్టింది. ఆ కేసులో తండ్రికి ఎనభై ఏళ్లు. కొడుకుకూ అరవై నిండాయి, అతనూ వృద్ధుడే కాబట్టి అతని మీద ఈ చట్టం చెల్లదని హైకోర్టు అన్నది. దరఖాస్తు పెట్టిన నాటికి అతనికి యాభై తొమ్మిదేనని సుప్రీంకోర్టు లెక్క సరిచేసింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేది ఒకటి: అద్దె ఇవ్వడం లేదన్న ఫిర్యాదు అక్కడ బలంగా నిలబడదు, పెద్దవారిని సొంత ఇంట్లో బతకనివ్వడం లేదన్న ఫిర్యాదు నిలబడుతుంది. తిండి, మందులు, దౌర్జన్యం, గదికి వేసిన తాళం, ఇవీ దరఖాస్తులో ఉండవలసినవి, అవి నిజమైతే.

ఖాళీ చేయించడం అవసరం లేని ఇళ్లూ ఉన్నాయి. కొడుకు ఉండవచ్చు, కానీ డబ్బు ఇవ్వాలి, అంతే తల్లిదండ్రుల కోరిక. అలాంటప్పుడు అద్దె అన్న మాటే ఎత్తనక్కరలేదు. అదే ట్రిబ్యునల్ నెలకు పదివేల రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించగలదు. అద్దె అని అడిగితే పరువు తక్కువగా తోచి తగాదాకు దిగే కొడుకు, ఆర్డీవో రాసిన ఉత్తర్వుకు కిక్కురుమనకుండా కట్టడం కూడా జరుగుతుంది.

ఇల్లు ముందే కొడుకు పేరుకు దానంగా రాసిచ్చేసి ఉంటే సమస్య తిరగబడుతుంది. ఇప్పుడు ఎవరు ఎవరిని ఖాళీ చేయించాలి? చూసుకుంటాడన్న షరతు మీద రాసిచ్చి, అతను చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకునే వీలు 2007 చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. షరతు ఉన్నట్టు చూపించాలని 2022 చివర సుప్రీంకోర్టు పట్టుబట్టింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్ తల్లి కేసులో మాత్రం దస్తావేజుతోపాటు అదే రోజు కొడుకు రాసిచ్చిన హామీపత్రాన్ని లెక్కలోకి తీసుకుని, దానాన్ని రద్దు చేసి, ఫిబ్రవరి 28లోగా ఇల్లు తల్లికి అప్పగించమంది. రిజిస్ట్రేషన్ నాడు దస్తావేజులో "జీవితాంతం పోషించే షరతుపై" అన్న ఒక్క వాక్యం రాయించుకోవడానికి ఖర్చేమీ కాదు.

తాళం మార్చడం, కరెంటు కట్ చేయడం, కొళాయి బంద్ చేయడం, సామాను వీధిలో పెట్టడం మాత్రం చేయకూడనివి. ఎంత సొంత ఇల్లయినా సరే. చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా బయటికి నెట్టబడిన మనిషి, ఆరు నెలల్లోపు నిర్దిష్ట పరిహార చట్టం ఆరో సెక్షన్ కింద దావా వేస్తే, ఆ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే అడగకుండా కోర్టు తిరిగి లోపలికి పంపగలదు. కేసు నెగ్గవలసిన యజమాని ఒక్క ఆదివారం తొందరపాటుతో ప్రతివాది అయిపోతాడు. పోలీసులు కూడా ఇది సివిల్ తగాదా అని పంపించేస్తారు. కొట్టడం, బెదిరించడం లాంటివి ఉంటేనే వాళ్ల పని.

పద్ధతి ప్రకారం అయితే వకీలు ద్వారా నోటీసుతో మొదలుపెట్టాలి. ఫలానా తేదీ నుంచి అనుమతి రద్దు, ఇన్ని రోజుల్లో ఖాళీ చేయాలి, ఆ తరువాత ఉండే ప్రతి నెలకూ మార్కెట్ అద్దె మేరకు నష్టపరిహారం ఇవ్వాలి, అని అందులో ఉండాలి. చివరి మాట ముఖ్యం. చుట్టరికం కొద్దీ ఎన్నడూ నోరు తెరిచి అడగలేని అద్దె, నోటీసు గడువు దాటిన రోజు నుంచి నష్టపరిహారం పేరుతో చట్టబద్ధంగా రావలసిన డబ్బు అవుతుంది. నోటీసు ఇచ్చాక నాన్చకుండా దావా వేయాలి. డిక్రీ వచ్చినా చేతికి తాళం రాదు, ఈపీ, అంటే డిక్రీ అమలు పిటిషన్, వేసి, కోర్టు ఉద్యోగి అయిన అమీనా వచ్చి స్వాధీనం ఇప్పించాలి. అమలు పిటిషన్లు ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. జిల్లా కోర్టుల్లో తిరిగినవారికి ఆ గడువు వింటే నవ్వొస్తుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, హైదరాబాద్ ఫ్లాటును "ఖాళీగా ఎందుకు, ఉండండి" అని చెల్లెలి కుటుంబానికి అప్పగించినవారికి దూరం ఇంకో అడ్డంకి. వారు ఇక్కడ దావా నడిపించడానికి పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు సుంకం కట్టాలి. వాట్సాప్‌లో "ఉండండి" అన్న మెసేజ్ ఉంటే దాన్ని తీసేయకుండా దాచుకోవాలి. అనుమతితోనే ఉన్నారనడానికి అదే సాక్ష్యం.

తోబుట్టువుల తగాదాలకు ఇవన్నీ కాకుండా లోక్ అదాలత్ మేలని చాలామంది వకీళ్లే అంటారు, ఫీజు పోతున్నా. దావా వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండు పక్షాలూ ఒప్పుకుని సంతకం చేసిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందులో ఏం రాసుకున్నారన్నదే అసలు సంగతి. "త్వరలో ఖాళీ చేయగలను" అని రాస్తే ఆ కాగితం గోడకు అంటించుకోవడానికే. పిల్లల పరీక్షలు అయ్యాక ఏ తేదీన ఖాళీ చేస్తారు, అంతవరకూ నెలకు ఎంత, ఏ ఖాతాలో, కరెంటు బాకీ ఎవరిది, మారే ఇంటికి అడ్వాన్సు డబ్బు తండ్రి ఇస్తున్నాడా లేదా, ఆ తేదీన తాళాలు ఎవరి చేతికి ఇవ్వాలి, ఇవన్నీ అంకెలతో, పేర్లతో రాయించుకోవాలి. అప్పుడు ఆ తేదీ దాటితే మళ్లీ దావా వేయనక్కరలేదు, నేరుగా ఈపీ వేసుకోవచ్చు.